ఊపిరక్క చదవాల్సిన పుస్తకాలు

ఆసుపత్రి కింది అంతస్తులో, రక్తపరీక్షల గది దాటి ఎడమ చేతివైపు తిరిగితే ఎక్స్‌రే గది. అందులో ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తున్న ఆవిణ్ణి అందరూ ఊపిరక్క అనేవారు. "గట్టిగా ఊపిరి పీల్చండి... ఆపండి... ఇక వదలండి" అని రోజుకి అరవై డెబ్భైసార్లు అనే మనిషికి ఇంకే పేరు నిలుస్తుంది? అసలు పేరు జీతాల రిజిస్టరులో ఉండేది, అంతే. ఇంట్లో పొయ్యి మీద నూనె మాడి భర్త దగ్గితే, "ఊపిరి బిగబట్టండి, ఒక్క క్షణం" అనేది. అన్నాక నాలిక కరుచుకునేది.

ఆ గదికి వచ్చేవాళ్ళలో సగంమంది వణుకుతూనే వస్తారు. చల్లటి పలకకి ఛాతీ ఆనించి నిలబడమనగానే కొయ్యబారిపోతారు. కదిలితే ఫొటో చెడుతుంది, మళ్ళీ తీయాలి. అందుకని ఆవిడ ఒక ఉపాయం కనిపెట్టింది. భుజాలు సరిచేస్తూ ఊరికే మాటవరసకి అడిగినట్టు అడిగేది.

"అవునుగానీ, మీకు తెలిసినంతలో ఎవరైనా తప్పకుండా చదవాల్సిన పుస్తకం ఒక్కటి చెప్పండి."

ఎముక విరిగి వచ్చినవాడిని పుస్తకం పేరు అడిగేదేంటి ఈవిడ అని అవతలి మనిషి బిత్తరపోయేవాడు. ఆ వెంటనే ఆలోచనలో పడేవాడు. ఆలోచనలో పడ్డ మనిషి భుజాలు వాటంతటవే కిందికి జారతాయి. ఆ క్షణం చూసి ఊపిరక్క సీసపు తలుపు వెనక్కి వెళ్ళి మీట నొక్కేసేది. చదువు రాదన్నవాళ్ళతో "ఎవరైనా చదివితే విన్నదైనా సరే" అనేది.

వాళ్ళు చెప్పిన పేర్లన్నీ ఇంటికి వచ్చాక ఒక గీతల నోటుబుక్కులో రాసేది. పేరు పక్కన చెప్పినవాళ్ళ గుర్తు. "ఉప్పు గదులు - మోచెయ్యి విరిగిన లారీ డ్రైవరు." "వంతెన అవతల - పెద్ద గొంతు టీచరు." కొన్నిటికి పేరే ఉండేది కాదు. "పచ్చ అట్ట, చివర్లో గుర్రం చచ్చిపోతుంది - మెడ పట్టేసిన తాతగారు." పన్నెండేళ్ళలో అలా మూడు వందల నలభై పుస్తకాలు చేరాయి. వాటిలో ఆవిడ చదివినవి పదకొండు. చిన్నప్పుడు పుస్తకం దొరికితే అన్నం కూడా మరిచిపోయే పిల్ల. ఉద్యోగం, పెళ్ళి, కూతురి చదువు, ఒకదాని వెనక ఒకటి వచ్చి పడ్డాయి. రిటైరవ్వడానికి ఇంకా ఏడేళ్ళుంది. అప్పుడు కాలు మీద కాలేసుకుని చదువుకుందాంలే అని నోటుబుక్కు సొరుగులో పడేసి ఉంచింది.

ఎక్స్‌రే మిషను దగ్గర పనిచేసేవాళ్ళు ఏడాదికోసారి రక్తపరీక్ష చేయించుకుని, ఛాతీ ఫొటో తీయించుకోవాలని నియమం. మూడేళ్ళుగా ఆవిడ ఏదో ఒక వంకతో దాన్ని దాటేస్తూ వచ్చింది. జనం ఎక్కువగా ఉన్నారని ఒకసారి, మిషను రిపేరులో ఉందని ఒకసారి. ఈసారి కొత్తగా వచ్చిన సూపరింటెండెంటు ఆ కాగితం లేకపోతే సంతకం పెట్టనని కూర్చున్నాడు. దాంతో ఒక మధ్యాహ్నం జనం పలచబడ్డాక ఊపిరక్కే పలక ముందు నిలబడింది. ఫొటో తీసింది ఆవిడ దగ్గర పని నేర్చుకుని, పదేళ్ళుగా ఆవిడతోనే పనిచేస్తున్న చిటికె. "చిటికెలో అయిపోతుంది" అని అందరికీ చెప్తుంది కాబట్టి చిటికె.

"మరి నువ్వు చెప్పక్కా, తప్పకుండా చదవాల్సిన పుస్తకం?" అంది చిటికె భుజాలు సరిచేస్తూ.

"ముందు నీ పని కానివ్వవే తల్లీ, ఆకలేస్తోంది."

అయిపోయింది. ఊపిరక్క జాకెట్టు గుండీలు పెట్టుకుంటూ ఇవతలికి వచ్చేసరికి, చిటికె కంప్యూటర్ తెరని గోడవైపు కొంచెం తిప్పింది. కొంచెమే. ముఖంలో మాత్రం ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడం చూడగానే ఊపిరక్కకి గుండె గుభేలుమంది. ఆ ముఖం పెట్టడం నేర్పింది తనే. తెర మీద ఏం కనబడినా మన ముఖంలో కనబడకూడదు. ఎవరేం అడిగినా ఒకటే జవాబు. చిటికె ఉద్యోగంలో చేరిన మొదటిరోజు చెప్పిన మొదటి పాఠం అది.

"ఏంటే?"

"ఏం లేదక్కా. డాక్టరుగారు చూసి చెప్తారు."

తను వేలసార్లు అన్న మాటే. వినేవాళ్ళకి ఎలా ఉంటుందో ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా తెలియలేదు. ఊపిరక్క వెళ్ళి తెర తనవైపు తిప్పుకుంది. కుడి ఊపిరితిత్తి పైభాగంలో చొక్కా గుండీ అంత తెల్లటి మచ్చ. అంచులు నున్నగా లేవు.

అలాంటి మచ్చ ఎవరి ఫొటోలో కనబడినా ఆవిడ ఆ మనిషిని గుమ్మందాకా సాగనంపేది. అదొక అలవాటు. మిగతావాళ్ళని "నెక్స్ట్" అని పంపేసే మనిషి తమనెందుకు సాగనంపుతోందో వాళ్ళకి తెలిసేది కాదు. ఆ సాయంత్రం డ్యూటీ అయ్యాక చిటికె ఆవిడ సంచి అందుకుని గుమ్మందాకా వచ్చింది.

"నేను వెళ్తాలేవే, నువ్వు లోపలికి పో" అంది ఊపిరక్క.

ఛాతీ డాక్టరు లావుపాటి ఆవిడ, తూకం వేసినట్టు మాట్లాడుతుంది. ఫొటో చూసి, "పాత ఫొటోలున్నాయా? ఇది ఎప్పట్నుంచో ఉన్నదే అయితే సగం భయం లేనట్టే" అంది. మూడేళ్ళవి అసలు తీయలేదు. అంతకుముందువి పాత రికార్డు గదిలో వాననీళ్ళు కారి, ఒకదానికొకటి అతుక్కుపోయి, ఎప్పుడో చెత్తలోకి పోయాయి. ఆ సంగతి తెలిసీ ఊపిరక్క ఒకసారి వెళ్ళి వెతికింది. ఖాళీ బీరువాలు తీసి చూసి, మూసి వచ్చింది. ఇక మిగిలినవి స్కానింగు, లోపలి ముక్క తీసే సూది పరీక్ష. తొమ్మిది రోజుల తర్వాతకి తేదీ ఇచ్చారు.

ఇంట్లో చెప్పలేదు. కూతురు వేరే ఊళ్ళో ఉద్యోగం, రోజూ సాయంత్రం ఫోన్ చేస్తుంది. దాని దగ్గర దాచడం తేలిక. భర్తతోనే కష్టం. ఆయన లిఫ్టు మెకానిక్కు. మోటారు చప్పుడు వింటూ ఏ చక్రం అరిగిందో చెప్పేసే మనిషి. తన గొంతులో తేడా పట్టేస్తాడని భయపడి ఊపిరక్క ఎప్పుడూ లేనంతగా మాట్లాడింది. పక్కింటివాళ్ళ కుళాయి గురించి, చిటికె కొత్త చెప్పుల గురించి, ఏది పడితే అది. ఆయన తలూపుతూ విన్నాడు.

మర్నాడు సెలవు పెట్టింది. ఆయన పనికి వెళ్ళాక సొరుగులోంచి నోటుబుక్కు తీసి, వంటింటి బల్ల మీద పెట్టుకుని కూర్చుంది. మూడు వందల నలభైలో తప్పనిసరిగా చదవాల్సినవి ఏరి, వేరే కాగితం మీద రాసుకోవాలి. వారానికొకటి అనుకుందాం. మరి ఎన్ని వారాలు? కలం అక్కడే ఆగిపోయింది. ఏ అంకె వేయడానికీ చెయ్యి రాలేదు. ఎక్కువ వేస్తే ఎవరికో కన్ను కుడుతుందేమోనని భయం, తక్కువ వేస్తే అదే నిజమవుతుందేమోనని భయం. చివరికి అంకె వేయకుండా "ముందుగా చదవాల్సినవి" అని రాసి కింద గీత గీసింది.

మొదట లావుపాటి పుస్తకాలన్నీ కొట్టేసింది. రిటైరైన జడ్జిగారు చెప్పిన మూడు భాగాల నవల మొదటి వేటుకే పోయింది. సగంలో ఆగిపోవాల్సి వస్తే? మూడో భాగంలో ఏమైందో తెలియకుండా వెళ్ళిపోవడమనే ఆలోచనకే ఒళ్ళు చల్లబడింది. తర్వాత చెప్పినవాళ్ళు గుర్తుకు రావడం మొదలైంది. లారీ డ్రైవరు మోచెయ్యి బాగైంది, ఇప్పటికీ బస్‌స్టాపులో కనిపిస్తే చెయ్యి ఊపుతాడు. ఉప్పు గదులు ఉండొచ్చు. "ఏడో మెట్టు" చెప్పింది దగ్గుతో వచ్చిన ఒక దర్జీ. ఆయనకీ ఇలాంటి మచ్చే. నాలుగు నెలలు కూడా బతకలేదు. ఆ పేరు మీద అడ్డంగా గీత గీసేసింది. ఒకటి కొట్టాక ఇక చెయ్యి ఆగలేదు. ఎవరెవరు పోయారో తనకి తెలుసు. అదే ఆ ఉద్యోగంలో ఉన్న చిక్కు. పేజీ తిప్పడం, కొట్టడం. చనిపోయినవాళ్ళు చెప్పిన పుస్తకం ముట్టుకుంటే ఏదో అంటుకుంటుందన్నట్టు కొట్టుకుంటూ పోయింది.

నోటుబుక్కు పూర్తయ్యాక వెనక్కి తిప్పి చూసింది. పేజీల నిండా గీతలు. ఎంతమంది! వాళ్ళందరూ ఆ చల్లటి పలకకి ఛాతీ ఆనించి, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నిలబడి కూడా, అడగ్గానే తలచుకుని తనకొక మంచి పుస్తకం పేరు చెప్పిన మనుషులు. వాళ్ళ మాట కొట్టిపారేసింది. ఊపిరక్కకి ఏడుపొచ్చింది. ఏడిస్తే దగ్గొస్తుంది, దగ్గొస్తే భయం. అందుకని ఏడవలేదు కూడా. దర్జీ చెప్పిన పుస్తకాన్ని మాత్రం మళ్ళీ కాగితం మీదికి ఎక్కించింది. మిగిలినవాటిలోంచి ఏరినవాటితో కలిపి తొమ్మిది తేలాయి.

ఆ మధ్యాహ్నమే గ్రంథాలయానికి వెళ్ళింది. కళ్ళజోడు దారంతో మెడకి కట్టుకున్న లైబ్రేరియన్ కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఈ గుర్రం చచ్చిపోయేదేంటమ్మా?"

"పేరు తెలీదండీ. అట్ట పచ్చగా ఉంటుందట."

"గుర్రం చచ్చిపోయేవి నాకు తెలిసి నాలుగున్నాయి. అట్టలన్నీ మేమే మార్చేశాం. ఇప్పుడన్నీ గోధుమరంగే." ఆయన నవ్వబోయి, ఈవిడ ముఖం చూసి మానేశాడు. "అంత తొందరా?"

"తొందరేం లేదు" అంది ఊపిరక్క గబుక్కున.

మూడు పుస్తకాలు దొరికాయి. తెచ్చుకుని ఉప్పు గదులు తెరిచింది. మొదటి పేజీలో ఇరవై వరసలు చదివేది, చెయ్యి దానంతటదే ఛాతీ మీదికి పోయేది. ఊపిరి పూర్తిగా అందుతోందా? ఎక్కడైనా పట్టేస్తోందా? లేచి వెళ్ళి బేసిన్‌లో ఉమ్మి చూసుకునేది, ఎరుపేమైనా ఉందా అని. ఉండేది కాదు. వచ్చి మళ్ళీ మొదటి వరస. అలా నాలుగు రోజుల్లో అదే పేజీ ఎన్నిసార్లు చదివిందో లెక్కలేదు. అందులో ఒకావిడ గది తాళం తీస్తుంది. నాలుగు రోజులూ ఆవిడ ఆ తాళం తీస్తూనే ఉంది.

ఐదో రోజు భర్త పనినుంచి త్వరగా వచ్చాడు. బల్ల మీదున్న పుస్తకం ఊరికే తెరిస్తే కాగితం జారిపడింది. తీసి, కళ్ళకి దూరంగా పెట్టుకుని చదివాడు.

"ముందుగా చదవాల్సినవి..." తలెత్తి ఆవిడని చూశాడు. "ముందుగా అంటే దేనికి ముందు?"

ఊపిరక్క కూరగాయలు తరుగుతోంది. కత్తి ఆగిపోయింది.

"అది ఊరికే..."

"వారం నుంచీ నువ్వు వాగుతూనే ఉన్నావ్. పక్కింటి కుళాయి నీకెందుకు? ఏదో అరిగిందని తెలుస్తోంది, ఎక్కడో తెలీటం లేదు. నువ్వే చెప్తావని చూస్తున్నా."

చెప్పింది. చాలా తక్కువ మాటల్లో, ఛాతీ డాక్టరులాగా. ఆయన ముఖాన నెత్తురు చుక్క లేదు. లేచి వెళ్ళి గ్యాస్ కట్టేసి ఉందో లేదో చూశాడు. కట్టేసే ఉంది. మళ్ళీ వచ్చి కూర్చున్నాడు.

"ఎవరికి చెప్పావ్?"

"ఎవరికీ చెప్పలేదు."

"నాకు కూడానా?"

"మీకు చెప్తే నిజమైపోతుందనిపించిందండీ."

ఆయన కాగితాన్ని మడతలమీదే మడిచి, పుస్తకంలో ఎక్కడుందో అక్కడే పెట్టాడు. తర్వాత చాలాసేపు ఆవిడ తరగాల్సిన కూరగాయలు తనే తరిగాడు, ఒక్క ముక్కా ఇంకో ముక్కలా లేకుండా.

సూది పరీక్షకి ఇద్దరూ వెళ్ళారు. అది వేరే ఆసుపత్రి, ఎవరూ తెలిసినవాళ్ళు లేరు. బోర్లా పడుకోబెట్టి, వీపు మీద చల్లటి మందు రాశారు. మైకు లోంచి ఎవరో కొత్త గొంతు, "ఊపిరి పీల్చండి. ఆపండి" అంది. ఎవరూ ఏ ప్రశ్నా అడగలేదు. సూది దిగుతుందనగా ఊపిరక్కకి అరికాళ్ళ నుంచి వణుకు మొదలైంది. ఇప్పుడు కదిలితే ఏమవుతుందో గదిలో అందరికంటే తనకే బాగా తెలుసు. అదే ఆవిణ్ణి ఇంకా భయపెట్టింది. కళ్ళు మూసుకుని ఆ తొమ్మిది పేర్లూ వరసగా అనుకుంది. ఉప్పు గదులు, వంతెన అవతల, ఏడో మెట్టు... ఎనిమిదోది ఎంతకీ గుర్తు రాలేదు. దానికోసం వెతుకుతూ ఉండగా సూది బయటికి వచ్చేసింది.

ఫలితం రావడానికి వారం పట్టింది. చీమ చిటుక్కుమన్నా ఫోనేమోనని ఇద్దరూ ఉలిక్కిపడిన వారం అది.

"చెడు కణాలేమీ కనబడలేదు" అంది ఛాతీ డాక్టరు.

"అంటే లేనట్టేనా డాక్టరుగారూ?" అని భర్త ముందుకు వంగాడు.

"ఉన్నట్టు తేలలేదు. సూదికి దొరికిన ముక్క చాలా చిన్నది. మూడు నెలలకి మళ్ళీ స్కాను చేద్దాం. పెరిగితే అప్పుడు ఆలోచిద్దాం, పెరక్కపోతే ఆర్నెల్లకి చూద్దాం. అలా రెండేళ్ళు."

హమ్మయ్య అనుకోవడానికీ లేదు, ఏడవడానికీ లేదు. మెట్లు దిగుతూ ఆయన, "మూడు నెలలు మనవేగా" అన్నాడు. మూడు నెలలంటే ఆవిడకి పన్నెండు వారాలు, పన్నెండు వారాలూ గుండీ అంత మచ్చ లోపల ఏం చేస్తోందో తెలియకపోవడం.

పేజీ మీద తనకి చూపు నిలవడం లేదని ఊపిరక్క చెప్తే, సెలవురోజు పొద్దున్నే ఆయన ఉప్పు గదులు తీసుకుని కుర్చీలో కూర్చున్నాడు. ఆయన జన్మలో చదివినవి లిఫ్టు కంపెనీవాళ్ళు ఇచ్చే సూచనల పుస్తకాలే. నవల కూడా అలాగే చదివాడు. ప్రతి వాక్యం చివర ఆగి, అది అర్థమైందా అన్నట్టు ఆవిడవైపు చూసేవాడు. ప్రేమ మాటలు "జాగ్రత్త, ఈ మీట నొక్కరాదు" అన్నంత గంభీరంగా పలికేవాడు. అయినా ఆ తాళం తీసే ఆవిడ మొత్తానికి గది లోపలికి వెళ్ళింది. ఆరు వారాల్లో పుస్తకం అయిపోయింది.

దర్జీ చెప్పిన ఏడో మెట్టు వైపు వెళ్ళడానికి ఊపిరక్కకి చాలా రోజులు ధైర్యం చాల్లేదు. పుస్తకం తెచ్చి, అట్ట కిందికి ఉండేలా బల్ల మీద బోర్లించి పెట్టింది. దుమ్ము తుడిచినప్పుడు కూడా దాని చుట్టూ తుడిచింది. చావు గురించే ఉంటుందని, దర్జీకి తన సంగతి ముందే తెలిసి ఆ పేరు చెప్పాడని మనసులో ముద్రపడిపోయింది. స్కానింగుకి పది రోజులుందనగా ఒక పొద్దున ఇంట్లో ఎవరూ లేనప్పుడు, ఏదైతే అదయిందని తీసింది.

అది ఒక పిరికి గుమాస్తా కథ. మేడ మీద గదిలో ఉంటాడు. ఏడో మెట్టు మీద ఇంటివాళ్ళ ముసలి కుక్క పడుకుని ఉంటుంది. దాన్ని దాటలేక కిటికీలోంచి పైపు పట్టుకుని దిగుతాడు, దొంగ అనుకుని వీధివాళ్ళు పట్టుకుంటారు, దొంగ కాదని చెప్పడానికి కుక్కనే సాక్ష్యం పిలుస్తాడు. ఊపిరక్క మొదట పెదవి బిగపట్టింది. పైపు దగ్గరికి వచ్చేసరికి ఆగలేకపోయింది. పగలబడి నవ్వింది. నవ్వుతుంటే దగ్గొచ్చింది, దగ్గురాగానే పై ప్రాణాలు పైనే పోయాయి. బేసిన్ దగ్గరికి పరిగెత్తింది. ఏమీ లేదు. అక్కడే గోడకి ఆనుకుని నిలబడి, ఆ గుమాస్తా పైపు మీద వేలాడుతుండటం గుర్తొచ్చి మళ్ళీ నవ్వింది. దగ్గుకి వాక్యం పూర్తిచేయలేకపోయిన ఆ దర్జీ, ఊపిరి ఆపమంటే ఆపలేక మూడుసార్లు ఫొటో తీయించుకున్న మనిషి, తనకి చెప్పింది ఇదా! కళ్ళ వెంట నీళ్ళు కారాయి. ఆ సాయంత్రం కొట్టేసిన పేర్లన్నీ నోటుబుక్కులోంచి ఒక్కొక్కటే కొత్త కాగితం మీదికి ఎక్కించింది. కాగితాలు నాలుగయ్యాయి.

మూడు నెలల స్కానులో మచ్చ పెరగలేదు. భయం పోయిందా అంటే పోలేదు. ప్రతి స్కానుకీ వారం ముందు వచ్చి కూర్చునేది. తిండి సహించేది కాదు, కంటి మీద కునుకుండేది కాదు, చిన్న మాటకి భర్త మీద విరుచుకుపడేది. ఆ వారంలో ఆయన గట్టిగా చదివేవాడు, ఆవిడ వినేది. సగం వినబడేది కాదు. మిగతా వారాల్లో తనే చదువుకునేది. ఎక్స్‌రే గదిలో మాత్రం ఒక మార్పు వచ్చింది. ఎవరైనా భయంగా "ఏం కనబడిందమ్మా?" అని అడిగితే ఇదివరకులా ముఖం బిగించలేకపోయేది. "నాకు చెప్పే హక్కు లేదండీ. డాక్టరుగారి గది దాకా నేనూ వస్తాను, పదండి" అనేది. మచ్చ ఉన్నా లేకపోయినా, అడిగిన అందరితోనూ వెళ్ళేది. క్యూ పెరిగిపోతోందని చిటికె సణుక్కునేది.

రెండేళ్ళు నిండాక ఛాతీ డాక్టరు ఐదు స్కానులూ పక్కపక్కన పెట్టి చూసింది. "ఎప్పుడో చిన్నప్పుడు వచ్చి మానిపోయిన మచ్చ అయ్యుంటుంది. కదల్లేదు. ఇక మీరు రానక్కర్లేదు" అంది.

బయట బెంచీ మీద భర్త కూర్చుని ఉన్నాడు. ఊపిరక్క వచ్చి పక్కన కూర్చుంది.

"ఏమన్నారు?"

"ఇక రావద్దన్నారు."

"మరి అలా ఉన్నావేం?"

"ఏమోనండీ. ఇన్నాళ్ళూ ఏదో ఒక తేదీ ఉండేది. ఇప్పుడు లేదు. మళ్ళీ ఎవరు చూస్తారు నన్ను? భయంగానే ఉంది."

"నాకూ అలాగే ఉంది" అన్నాడాయన. "అమ్మాయికి ఇప్పుడైనా చెప్దామా?"

రెండేళ్ళుగా దాచిన సంగతి అది. చెప్తే ఎంత గొడవ చేస్తుందో తలచుకోగానే ఊపిరక్క గుండె మళ్ళీ దడదడలాడింది. ఈ దడ మాత్రం ఆవిడకి కొంచెం హాయిగానే ఉంది. సంచిలోంచి ఫోన్ తీసి, కూతురి పేరు నొక్కి, మోగుతుండగా ఆయన చేతిలో పెట్టేసింది.